ధనమ్మాళ్ శుక్రవారాలు

శుక్రవారం సాయంత్రం అంటే మన ఇళ్ళల్లో తలంటు, గడపకు పసుపు, దేవుడి దగ్గర దీపం, వీలుంటే గుడి. కానీ సుమారు వందేళ్ళ కిందట మద్రాసులో సంగీతం తెలిసినవాళ్ళకి శుక్రవారం సాయంత్రానికి ఇంకో అర్థం కూడా ఉండేది. ఆ రోజు జార్జిటౌన్‌లోని ఒక ఇంట్లో ఒకావిడ వీణ వాయిస్తుంది. టిక్కెట్లు లేవు, వేదిక లేదు. పెద్ద పెద్ద విద్వాంసులు కూడా వచ్చి మామూలు శ్రోతల్లా నేలమీద కూర్చునేవారు. ఎవరూ మాట్లాడకూడదు, చప్పుడు చేయకూడదు. ఎందుకంటే ఆ వీణ నాదం అంత మెత్తనిది, ఆవిడ చెవి అంత సున్నితమైనది. ఆవిడే వీణ ధనమ్మాళ్.

మన అమ్మాయిలకి వీణ నేర్పించాలని ఇప్పటికీ చాలామంది తల్లులకి కోరిక. నన్ను కూడా మా వీధిలో ఇద్దరు ముగ్గురు అడుగుతూ ఉంటారు, ఎలాంటి వీణ కొనాలి, గోరు తొడిగి వాయించాలా వద్దా, కొన్నాక ఎలా చూసుకోవాలి అని. నేను విద్వాంసురాలిని కాను. పెళ్ళికి ముందు వర్ణాల దాకా నేర్చుకుని, పిల్లలు కాస్త ఎదిగాక మళ్ళీ తీగలు సవరించుకున్నదాన్ని. కానీ ఈ ప్రశ్నలు ఎవరు అడిగినా నాకు ముందు ధనమ్మాళ్ జీవితమే గుర్తొస్తుంది. వీణని ఎలా పట్టుకోవాలో, ఎలా మీటాలో, దాన్ని నమ్ముకుని ఎలా బతకాలో ఆవిడ కథలోనే ఉంది.

ఆడవాళ్ళ ఇల్లు

ధనమ్మాళ్ 1867లో పుట్టింది. తంజావూరు ఆస్థానంతో సంబంధం ఉన్న కళాకారుల వంశం వాళ్ళది. అమ్మమ్మ కామాక్షి పేరున్న నర్తకి. తల్లి సుందరమ్మాళ్ గాయని. ఆవిడకి పాఠం చెప్పింది సుబ్బరాయశాస్త్రి. ఆయన సంగీత త్రిమూర్తులలో ఒకరైన శ్యామశాస్త్రి కొడుకు. అంటే త్రిమూర్తుల సంగీతం పుస్తకాల్లోంచి కాకుండా మనిషి నోటి నుంచి మనిషి చెవికి వచ్చిన ఇల్లు అది. పిల్లలకి పాఠాలూ అక్కడే, పెద్దల సాధనా అక్కడే. వంటింట్లో మనం పోపు వాసన బట్టి ఏ కూరో చెప్పినట్టు, ఆ ఇంట్లో పిల్లలు రాగం వినగానే గుర్తుపట్టేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు.

ఇంటి చదువుతో ఆవిడ ఆగలేదు. సాత్తనూరు పంచనద అయ్యర్ దగ్గర దీక్షితుల కృతులు నేర్చుకుంది. వాలాజాపేట బాలకృష్ణదాసు అనే అంధ విద్వాంసుడి దగ్గర క్షేత్రయ్య పదాలు నేర్చుకుంది. పదాలు పాడటంలో ఆయనకి ఎంత పేరంటే, అందరూ ఆయన్ని పదం బాల్దాసు అనే పిలిచేవారట.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగాలి. క్షేత్రయ్య ఎవరు? మన కృష్ణా జిల్లా మొవ్వ ఊరివాడు, పదిహేడో శతాబ్దంవాడు. మువ్వగోపాలుడి పేరు మీద ఆయన రాసిన పదాల్లో ఉన్నదంతా ఆడదాని మనసే. అలక, ఎదురుచూపు, ఎత్తిపొడుపు, సిగ్గు, కోపం, అన్నీ తెలుగులోనే. ఆ తెలుగు పదాలని ప్రాణంగా చూసుకుని, ఒక్క గమకం కూడా జారిపోకుండా తరాలు దాటించిన ఇళ్ళల్లో ముందు చెప్పుకోవలసింది అరవదేశంలోని ఈ ఆడవాళ్ళ ఇల్లే. ధర్మపురి సుబ్బరాయర్ రాసిన తెలుగు జావళీలు కూడా ఆ ఇంట్లో చేరాయి. ఇంట్లో మాట్లాడుకునేది తమిళం, పాడుకునేది తెలుగు. మన భాష అందం మనకి తెలియడానికి మనం ధనమ్మాళ్‌కి కూడా రుణపడి ఉన్నాం.

గోరు తొడగని వేళ్ళు

ఇక ఆవిడ వాయింపు సంగతి. వీణకి నాలుగు వాయించే తీగలు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు తీగలు. దండి మీద ఇరవై నాలుగు మెట్లు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు మీటుతాయి, చిటికెనవేలు తాళం తీగలని పలికిస్తుంది. ఎడమచేతి వేళ్ళు మెట్ల మీద తీగని నొక్కుతాయి, పక్కకి లాగుతాయి. చాలామంది మీటే వేళ్ళకి తీగతో చేసిన గోళ్ళు తొడుక్కుంటారు. నాదం గట్టిగా, మెరుస్తున్నట్టు వస్తుంది, పెద్ద హాల్లో వెనక వరసకీ వినిపిస్తుంది. ధనమ్మాళ్ అవి తొడుక్కోలేదు. ఉత్త వేళ్ళతోనే మీటేది. అందుకే ఆ నాదం చిన్నది, కానీ గుండ్రంగా, మెత్తగా ఉండేది.

ఇంకో విశేషం, ఆవిడ మీటులు చాలా తక్కువ. ఇది అర్థం కావాలంటే తీగ స్వభావం తెలియాలి. తీగని ఒక్కసారి మీటితే నాదం పుట్టిన క్షణం నుంచే తగ్గడం మొదలవుతుంది. వయొలిన్‌లోలాగా కమాను లాగుతూ పొడిగించడానికి వీల్లేదు. అందుకని కొత్తగా నేర్చుకునేవాళ్ళు ప్రతి స్వరానికీ ఒక మీటు వేస్తారు, టక్కు టక్కుమని కుట్టుమిషను పోయినట్టు ఉంటుంది. ధనమ్మాళ్ ఒక మీటు మీటి, ఆ నాదం ఆరిపోయేలోగానే తీగని లాగి, వదిలి, జార్చి, రాగంలో ఉన్న మెలికలన్నీ అందులోంచే పిండేది. ఉన్న కాస్త నూనెతోనే దీపం ఎక్కువసేపు వెలిగించే ఇల్లాలి నేర్పు లాంటిది అది.

మరి ఏ స్వరం దగ్గర మీటాలి, ఏది ఊరుకోవాలి? దానికి ఆవిడ పద్ధతి పాటే. వీణ వాయిస్తూ పాడేది కూడా. పాటలో మాట ఎక్కడ మొదలవుతుందో, ఏ అక్షరం మీద ఒత్తు పడుతుందో అక్కడ మీటు. ఒకే అక్షరం సాగుతుంటే మీటు లేకుండా గమకంతోనే సాగాలి. ఇది ఈ రోజు కూడా ఏ అమ్మాయికైనా చెప్పదగిన పాఠం. ముందు పాట నోటికి రావాలి, తాళం వేస్తూ నాలుగుసార్లు పాడాలి, ఆ తర్వాతే వీణ దగ్గరికి వెళ్ళాలి. సాహిత్యం నోట్లో లేకుండా స్వరాల పుస్తకం ఎదురుగా పెట్టుకుని వాయిస్తే వేళ్ళు కదులుతాయి కానీ పాట పలకదు. మా అమ్మాయికి నేను ఈ ఒక్క పద్ధతే అలవాటు చేశాను. మూడు నెలల్లో తేడా నాకే కాదు, పక్కింటివాళ్ళకీ తెలిసింది.

అయితే గోళ్ళు తొడుక్కోవడం తప్పా? తప్పేం కాదు. పేరున్న విద్వాంసులు ఎంతోమంది తొడుక్కునే వాయించారు, వాయిస్తున్నారు. ఇంట్లో సాధనకి, చిన్న గదిలో నలుగురి ముందు వాయించడానికి ఉత్త వేళ్ళు హాయి. సభలో వాయించాలనుకునే అమ్మాయి రెండూ అలవాటు చేసుకోవాలి. మొదటి ఏడాది మాత్రం ఉత్త వేళ్ళతో నేర్చుకుంటే తీగ మీద ఎంత బరువు వేయాలో వేలికే తెలుస్తుంది.

చూపు పోయినా చెవి ఉంది

ధనమ్మాళ్‌కి నలుగురు ఆడపిల్లలు: రాజలక్ష్మి, లక్ష్మీరత్నం, జయమ్మాళ్, కామాక్షి. మనవలు, మనవరాళ్ళు. ఇంత సంసారానికి ఆధారం సంగీతమే. అప్పటికి కాలం మారిపోతోంది. 1890ల నుంచి మద్రాసు రాష్ట్రంలో భోగం మేళాలు వద్దన్న ఉద్యమం సాగింది. మన కందుకూరి వీరేశలింగంగారు కూడా దాని కోసం గట్టిగా పోరాడినవారే. తర్వాత డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి శాసనమండలిలో ఆ పని చేపట్టారు. చివరికి 1947లో దేవదాసీలుగా అంకితం చేయడాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆడపిల్లల బతుకులు అంగడి సరుకు కాకూడదన్న ఆ పోరాటం న్యాయమైనది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఒక్క విషయం ఆలోచించాలి. ఆ ఇళ్ళల్లోనే మూడు నాలుగు తరాల విద్య కూడా ఉంది. ఇల్లు కడగబోయి చంటిపిల్లని కూడా నీళ్ళతో పారబోయకూడదు కదా. ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి ఆదరణ తగ్గింది, గౌరవం తగ్గింది. అదే పాటని, అదే ఆటని నేర్చుకున్న పెద్దింటి అమ్మాయిలకి మాత్రం చప్పట్లు దొరికాయి.

ఆ గాలివానలో ధనమ్మాళ్ చేసిందేమిటి? కాలానికి తగ్గట్టు వాయింపు మార్చలేదు. జనం కోసం వేగం పెంచలేదు. డబ్బు ఇబ్బందులు తప్పలేదు. ముసలితనంలో కంటిచూపు కూడా పోయింది. అయినా శుక్రవారం ఆగలేదు. మెట్లు కనిపించకపోయినా వేళ్ళకి దారి తెలుసు. వీణ వాయించేటప్పుడు కళ్ళు చేసే పని నిజానికి చాలా తక్కువ. మన పిల్లలు మెడ వంచి మెట్లకేసి చూస్తూ వాయిస్తారు. మెడనొప్పి వస్తుంది, వీణ కూడా తమ వైపు ఒరిగిపోతుంది. వచ్చిన పాఠాన్ని రోజూ పది నిమిషాలు కళ్ళు మూసుకుని వాయించమనండి. వెన్ను నిటారుగా, కుండ నేలమీద, సొరబుర్ర ఎడమ తొడ మీద ఆనాలి. ఎడమచేతి బొటనవేలు దండిని బిగించి పట్టుకోకూడదు. పట్టు బిగిస్తే చెయ్యి జారదు, చెయ్యి జారకపోతే గమకం రాదు.

1930ల్లో ఆవిడ వాయింపుని గ్రామఫోన్ రికార్డులకి ఎక్కించారు. ఆ పాత రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే ఇంకాస్త. గంటల తరబడి సాగే శుక్రవారపు సంగీతం మూడేసి నిమిషాల్లో ఏం ఇముడుతుంది? పైగా గరగర చప్పుడు. అయినా వాటిని ఓపికగా వినండి, ఇప్పుడు వెతికితే దొరుకుతాయి. మొదటిసారి ఏమీ తెలియదు. మూడోసారికి ఆ గరగర వెనక ఒక ముసలావిడ గొంతు, దాన్ని అంటిపెట్టుకుని వీణ, రెండూ వినిపిస్తాయి. నేను వాటిని మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక వింటాను. ఫ్యాను చప్పుడు కూడా అడ్డమే అనిపిస్తుంది.

వీణ ఇంటికి వస్తే

ఇప్పుడు మా వీధివాళ్ళు అడిగే ప్రశ్నల దగ్గరికి వద్దాం. వీణ పనస కర్రతో చేస్తారు. మన బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే మొద్దుని తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా చేసే వీణలకి పేరు. తంజావూరు వీణలకీ అంతే పేరు. నగిషీ చూసి, రంగు చూసి కొనకండి. సింహముఖం ఎంత బాగున్నా అది పాడదు. సారణి తీగ ఒక్కో మెట్టు మీదా నొక్కి మీటి చూడాలి. ఎక్కడైనా జుర్రుమందంటే ఆ మెట్టు సరిగ్గా కూర్చోలేదన్నమాట. నాదం ఎంతసేపు నిలుస్తోందో లెక్కపెట్టి చూడండి. కొనేటప్పుడు వాయించడం వచ్చినవాళ్ళని వెంట తీసుకెళ్ళడం చీర కొనడానికి వదినగారిని తీసుకెళ్ళడం కంటే ముఖ్యం. మా బంధువుల అమ్మాయికి ఒక దుకాణంవాళ్ళు మెరుగు పెట్టిన వీణ అంటగట్టారు. ఇంటికొచ్చాక చూస్తే పై మెట్లు సగం అపస్వరం. మళ్ళీ మేళం కట్టించడానికి ఇంకో ఖర్చు.

మేళం కట్టడం అంటే మెట్లని మైనంలో స్వరస్థానాలకి సరిగ్గా కూర్చోబెట్టడం. ఆ నల్లటి మైనం వేడికి మెత్తబడుతుంది. కాబట్టి వీణని ఎండ పడే కిటికీ దగ్గర, వంటింటి గోడకి ఆనించి, ఎండాకాలం మూసిన కారులో పెట్టకూడదు. మైనం మెత్తబడితే మెట్టు కాస్త కుంగుతుంది, అంతే, స్వరం తప్పుతుంది. కొన్నేళ్ళకి ఒకసారి ఎలాగూ మేళం కట్టించక తప్పదు. అది చెవితో చేసే పని, తెలిసిన పనివాడికే ఇవ్వాలి. అలాగే తీగలు ఆనే గుర్రం మీది లోహపు పలకకి వాడగా వాడగా గాట్లు పడతాయి. నాదం మసకబారితే అక్కడ ముందు చూడండి.

వాయించాక తీగలని పొడిగుడ్డతో తుడవాలి. చెమట ఉంటే ఉక్కు తీగ తుప్పు పడుతుంది. తుప్పు తీగ వేలిని కోస్తుంది, స్వరం కూడా నిలవదు. వేళ్ళు సాఫీగా జారడానికి ఎడమచేతి కొసలకి కొబ్బరినూనె పేరుకి రాసుకుంటే చాలు, తడిసేంత వద్దు. ఇంకో మాట, ఇది ఇల్లాళ్ళకి మాత్రమే తెలిసే సంగతి. అంట్లు తోమి, బట్టలు ఉతికి వెంటనే వీణ ముందు కూర్చోకండి. నీళ్ళలో నానిన చర్మం మెత్తబడి తీగకి ఇట్టే తెగుతుంది. సాధన ముందు, సబ్బునీళ్ళు తర్వాత. వీలుకాకపోతే చేతులు బాగా ఆరనివ్వండి.

శ్రుతి విషయంలో తొందర పనికిరాదు. ముందు మీ గొంతుకి హాయిగా ఉన్న శ్రుతికి సారణిని కలపండి. తర్వాత పంచమం, మంద్రం, అనుమంద్రం, చివర తాళం తీగలు. బిరడా జారుతుంటే బయటికి తీసి కాస్త సుద్దపొడి రాయండి. వెంట్రుకవాసి తేడాలని బిరడాతో కాకుండా నాగపాశం దగ్గరున్న లంగర్లతో సవరించండి. పిల్లలు శ్రుతి కలుపుతుంటే ఎంతసేపని కసరకండి. ధనమ్మాళ్ ఇంట్లో శ్రుతి శుద్ధంగా లేనిది సంగీతమే కాదు. ఎన్నాళ్ళో వాయించనప్పుడు మాత్రం తీగలని కాస్త వదులు చేసి, గుడ్డ కప్పి, పడిపోని చోట పెట్టాలి.

ఆవిడ వెళ్ళాక

ధనమ్మాళ్ 1938 అక్టోబరు 15న కన్నుమూసింది. ఆస్తి ఏం మిగిలిందని చూస్తే చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ మనవరాళ్ళని చూడండి. జయమ్మాళ్ కూతురు బాలసరస్వతి 1918లో పుట్టింది. భరతనాట్యం పేరు చెబితే ప్రపంచం ఆవిడ వైపు చూసింది. 1973లో సంగీత కళానిధి, 1977లో పద్మవిభూషణ్. సత్యజిత్ రాయ్ ఆవిడ మీద 1976లో సినిమా తీశాడు. బాల తమ్ముళ్ళు రంగనాథన్ మృదంగంలో, విశ్వనాథన్ వేణువులో పేరు తెచ్చుకుని అమెరికాలో కూడా పాఠాలు చెప్పారు. కామాక్షి కూతుళ్ళు బృంద, ముక్త అమ్మమ్మ బాణీని గొంతులో దాచుకున్నారు. 1976లో సంగీత కళానిధి అయిన బృంద దగ్గర ఎం.ఎస్. సుబ్బులక్ష్మి అంతటి ఆవిడ కూడా పదాలు నేర్చుకున్నారు. 2010లో ధనమ్మాళ్ బొమ్మతో తపాలా బిళ్ళ కూడా వచ్చింది.

మొవ్వలో పుట్టిన తెలుగు పదం ఒక అంధ గురువు నోటి నుంచి ధనమ్మాళ్‌కి, ఆవిడ దగ్గర నుంచి కూతుళ్ళకి, మనవరాళ్ళకి, వాళ్ళ నుంచి సముద్రాలు దాటి వెళ్ళింది. దీని కోసం ఆ ఇంట్లో పెద్ద కళాశాల ఏమీ కట్టలేదు. ఉన్నదల్లా ఒక వీణ, ఒక గది, వారానికి ఒక సాయంత్రం.

మనలో చాలామంది ఇళ్ళల్లో బీరువా మీదో, అటక మీదో ఒక వీణ ఉంటుంది. పెళ్ళికి ముందు నేర్చుకుని, పురుళ్ళు, అత్తవారిల్లు, బదిలీలతో పక్కన పెట్టేసినది. తీగలు పాతబడి ఉంటాయి, మైనం బీటలు వేసి ఉంటుంది. అది బాగుచేయించడానికి పెద్ద ఖర్చు కాదు, ఒక పట్టుచీర వాయిదా వేస్తే సరిపోతుంది. రోజూ గంట దొరకదని బెంగ పడకండి. వారానికి ఒక సాయంత్రం చాలు. అది మీదని ఇంట్లో అందరికీ తెలిసేలా చెప్పండి. టీవీ ఆపించండి. పిల్లలు పక్కన కూర్చుంటే కూర్చోనివ్వండి, లేకపోతే లేదు. తప్పులు పోతే పోనివ్వండి. వాళ్ళ చెవిలో ఏదో పడుతూనే ఉంటుంది. ఆ పడ్డది ఏ తరంలో మొలకెత్తుతుందో ఎవరు చెప్పగలరు?